పీఓడీ అంటే డగ్లస్ సంచి: ఒంట్లో మిగిలిపోయిన మనుషుల పేర్లు

క్లుప్తంగా: మన శరీరంలోని వందల భాగాలకు వాటిని వర్ణించిన వైద్యుల పేర్లే స్థిరపడ్డాయి. శరీర నిర్మాణ శాస్త్రవేత్తల అంతర్జాతీయ జాబితా 1955లోనే వాటిని పక్కన పెట్టింది. అయినా స్కానింగ్ రిపోర్టుల్లో, ఆపరేషన్ థియేటర్లలో, ఇంటర్ పుస్తకాల్లో ఆ పేర్లే నడుస్తున్నాయి. అవి ఎలా పుట్టాయి, ఎందుకు పోవడం లేదు, తెలుగులో చదివేవాళ్లకు చిక్కు ఎక్కడ వస్తోంది అన్నది ఇక్కడి విషయం.

గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో ఆడవాళ్లకు పొట్ట స్కానింగ్ తీయిస్తే చేతికొచ్చే కాగితంలో లివర్, గాల్‌బ్లాడర్, కిడ్నీలు, గర్భసంచి వరసగా అయ్యాక, చివర్లో ఒక చిన్న లైను కనిపిస్తుంది. పీఓడీలో ఫ్రీ ఫ్లూయిడ్ (విడిగా చేరిన నీరు) లేదు అని. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పేవాళ్లకు పైవన్నీ ఎంతో కొంత తెలిసిన పేర్లే. పీఓడీ ఏమిటో మాత్రం తెలియదు. లేదన్నారు కాబట్టి మంచిదేనేమో అనుకుని కాగితం మడతపెడతారు.

పీఓడీ అనేది అవయవం కాదు, ఒక ఖాళీ జాగా. 'పౌచ్ ఆఫ్ డగ్లస్' అన్న మాటను మూడు అక్షరాలకు కుదించారు. పొట్ట లోపలి గోడను, అవయవాలను కప్పి ఉండే పల్చటి పొర గర్భసంచికీ దాని వెనకున్న పెద్దపేగు చివరి భాగానికీ మధ్యన కిందికి దిగి సంచిలా మారుతుంది. 1730లో ఆ పొర మీద పుస్తకం రాసిన స్కాట్లాండ్ వైద్యుడు జేమ్స్ డగ్లస్. సంచికి ఆయన పేరే ఉండిపోయింది.

నిలబడ్డ మనిషిలో పొట్ట లోపల అన్నిటికన్నా పల్లం అదే. నీరు పల్లమెరుగు కదా, లోపల రక్తం కారినా చీము పట్టినా ముందు అక్కడికే చేరుతుంది. గర్భం ట్యూబులో నిలిచి పగిలినప్పుడు రక్తం కనిపించేది కూడా అక్కడే. అండం విడుదలైన రోజుల్లో కొద్దిగా నీరు ఉంటే అది మామూలే, కంగారు పడాల్సిన పని లేదు. స్కానింగ్ చేసేవారు ఆ మూలను వదలకుండా చూడడానికి కారణం ఇదే. ఆ జాగాకు అధికారిక పేరు 'రెక్టోయుటెరైన్ పౌచ్'. రెక్టమ్‌కూ యుటెరస్‌కూ నడుమ ఉన్న సంచి అని దానర్థం. డగ్లస్ పేరులో ఆ సమాచారం ఏదీ లేదు.

బందరు కాలువ, రైవస్ కాలువ

విజయవాడలో కృష్ణ నీళ్లు మోసే మూడు కాలువల పేర్లు చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది. బందరు కాలువ బందరు వైపు పోతుంది, ఏలూరు కాలువ ఏలూరు వైపు. పేరు వింటే చాలు, నీరు పోయే దిక్కు తెలుస్తుంది. మూడోది రైవస్ కాలువ. ఆ పేరు ఒక ఇంగ్లిష్ ఇంటిపేరు, దాన్నుంచి దిక్కూ తెలియదు, దరీ తెలియదు. అలాగని ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు రైవస్ అన్నా బందరు అన్నా తేడా లేదు, రెండూ ఒకే తడవలో నోటికి వస్తాయి. ఇబ్బంది పడేది కొత్తగా ఊళ్లో దిగినవాళ్లే.

శరీర భాగాల పేర్లలోనూ ఈ రెండు రకాలే ఉన్నాయి. ఎక్కడుందో, ఏం చేస్తుందో చెప్పేది ఒక రకం, ఎవరు వర్ణించారో చెప్పేది మరో రకం. రోజూ ఆపరేషన్లు చేసే సర్జన్‌కు రెండో రకంతో బాధేమీ లేదు. ఇబ్బంది మొదటి ఏడాది మెడికల్ విద్యార్థికీ, రిపోర్టు చేతికొచ్చిన రోగికీ.

ఒక్క నెఫ్రాన్‌లో నలుగురు

పేర్లు ఎలా పోగుపడతాయో చూడాలంటే కిడ్నీ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి గొట్టాలు, అంటే నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలు ఉంటాయి. కంటికి కనిపించని ఆ గొట్టం పొడవునా, అది కలిసే నాళాల దాకా వెళితే నలుగురు మనుషులు ఎదురవుతారు.

అందరికన్నా ముందువాడు ఇటలీకి చెందిన లోరెంజో బెల్లినీ. 1662లో, 19 ఏళ్ల వయసులో, కిడ్నీ లోపలి భాగం గొట్టాల మయమని రాశాడు. మూత్రం బయటికి వచ్చే చివరి నాళాలకు ఆయన పేరు పెట్టారు. నాలుగేళ్ల తర్వాత మార్చెల్లో మాల్పిగీ మైక్రోస్కోపు కింద, రక్తనాళాల కొమ్మలకు యాపిల్ కాయల్లా వేలాడే చిన్న ఉండలను గమనించాడు. అవే మన పుస్తకాల్లోని మాల్పీజియన్ దేహాలు. ఆయన మాల్పిగీ, ఆయన పేరుతో ఉన్నవి మాల్పీజియన్. పేరు ఇంగ్లిష్ మీదుగా వచ్చి ఇలా నలిగింది.

ఆ ఉండకూ గొట్టానికీ సంబంధం ఏమిటన్నది తేలడానికి మరో 176 ఏళ్లు పట్టింది. విలియం బౌమన్ రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి చూసి, ఉండ చుట్టూ ఉన్న గిన్నె లాంటి పొరే సాగి గొట్టం అవుతోందని 1842లో చూపించాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే. అది బౌమన్ గుళిక. మరో 20 ఏళ్లకు, 1862లో, జర్మనీలో జేకబ్ హెన్లీ గొట్టం మధ్యలో హెయిర్‌పిన్‌లా కిందికి దిగి పైకి లేచే మలుపును వర్ణించాడు. అది హెన్లీ శిక్యం.

అంటే చివరి నాళం మొదట దొరికింది, మధ్య మలుపు అన్నిటికన్నా ఆఖరున దొరికింది. మూత్రం పారే వరస వేరు, మనుషులు కనిపెట్టిన వరస వేరు. ఎవరి కాలంలో ఏ పనిముట్టు ఉందో, దానితో ఎంత కనిపిస్తుందో అంతకే పేరు పడింది. ఈ పేర్లను వరసగా చదివితే తెలిసేది కిడ్నీ నిర్మాణం కన్నా మైక్రోస్కోపు చరిత్రే ఎక్కువ.

పేరు పెట్టేది ఎవరు?

కనిపెట్టినవాడు తన పేరు తానే తగిలించుకున్నాడన్న అపోహ ఒకటి ఉంది. చాలావరకు అలా జరగలేదు. పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) కథ చూస్తే సంగతి తెలుస్తుంది.

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో పాంక్రియాస్ మధ్య గుంపులు గుంపులుగా కనిపించే వేరే రకం కణాల గురించి రాశాడు. అవి ఏం చేస్తాయో తనకు తెలియదన్నాడు, అక్కడితో వదిలేశాడు. ఆయన 1888లో చనిపోయాడు. మరో అయిదేళ్లకు, 1893లో, ఫ్రెంచ్ శాస్త్రవేత్త గుస్తావ్ లగెస్ వాటిని 'లాంగర్‌హాన్స్ ద్వీపాలు' అని పిలిచి, శరీరానికి కావలసిన స్రావం ఏదో అక్కడ తయారవుతుండొచ్చని ఊహించాడు. ద్వీపానికి లాటిన్‌లో 'ఇన్సులా'. ఇన్సులిన్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. 1921లో టొరంటోలో ఆ స్రావాన్ని వేరు చేశారు. ఇవాళ షుగర్‌కు ఇన్సులిన్ వాడే ఇళ్లలో ఫ్రిజ్‌లో ఉండే సీసా పేరుకు మూలం, ఎందుకుందో తెలియదంటూ ఒక కుర్రాడు గుర్తించిన కణాల గుంపు.

పేరు దక్కినవాడే మొదట చూశాడన్న నమ్మకమూ లేదు. గర్భసంచికి రెండు వైపులా ఉండే ట్యూబులకు గాబ్రియేలె ఫాలోపియో పేరు వచ్చింది 1561లో ఆయన అచ్చు వేయించిన పుస్తకం వల్ల. అంతకు 18 శతాబ్దాల ముందే అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ వాటి ప్రస్తావన చేశాడు. ఫాలోపియో చేసింది వాటిని స్పష్టంగా, ఆకారంతో సహా వర్ణించడం. చివర వెడల్పయి విచ్చుకునే ఆ నాళాన్ని ఆయన 'తూబా'తో, అంటే యుద్ధంలో ఊదే బాకాతో పోల్చాడు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి బాకా కాస్తా ట్యూబ్ అయింది, పోలిక ఎగిరిపోయింది. ఫాలోపియో తెనాలి దగ్గర పుట్టి ఉంటే దాన్ని సన్నాయి అనేవాడేమో.

చెవినీ గొంతునూ కలిపే నాళం సంగతీ అంతే. బార్తొలొమియో యూస్టాకి 16వ శతాబ్దంలో దాన్ని వర్ణించాడు. ఆ పేరును పెట్టింది ఆయన కాదు, సుమారు 140 ఏళ్ల తర్వాత వచ్చిన ఆంటోనియో వాల్సాల్వా.

ఒకే భాగానికి మూడు పేర్లు, ఒకే పేరుకు మూడు భాగాలు

19వ శతాబ్దం చివరికి ఈ పేర్లు అదుపు తప్పాయి. ప్రతి దేశం తన వైద్యుణ్ని గౌరవించుకుంది. గజ్జల్లో ఉండే బంధకం ఫ్రెంచ్, ఇంగ్లిష్ పుస్తకాల్లో పూపార్ అనే వైద్యుడిది, ఇటాలియన్లకు అది ఫాలోపియోది. రొమ్ము ఎముక మీద తగిలే చిన్న గట్టు ఒక చోట లూయి కోణం, జర్మన్లకు లుడ్విగ్ కోణం. పక్కటెముకలు లెక్కపెట్టడానికి డాక్టర్లు వేలు పెట్టి వెతికే చోటు అది. రెండో పక్కటెముక అక్కడే కలుస్తుంది.

దీనికి వ్యతిరేకమైన గందరగోళమూ ఉంది. కిడ్నీలో గుళిక ఉన్న బౌమన్‌కు కంటిలోనూ ఒక పొర ఉంది. నల్లగుడ్డు ముందున్న పారదర్శక పటలంలో అది రెండో పొర. కిడ్నీ డాక్టరుకు బౌమన్ ఒకటి, కంటి డాక్టరుకు ఇంకొకటి, మనిషి మాత్రం ఒక్కడే. మెకెల్ విషయంలో మనిషీ ఒక్కడు కాడు. మెదడు కింద ఉండే మెకెల్ గుహ తాతగారిది, చిన్నపేగు మీద కొందరికి పుట్టుకతో ఉండే మెకెల్ తిత్తి మనవడిది. గుండెలో కరెంటు తీగలా పనిచేసే హిస్ కట్ట 1893లో కొడుకు విల్‌హెల్మ్ హిస్ వర్ణించినది, అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోటున్న హిస్ కోణం తండ్రిది. ఆ తండ్రి పేరు కూడా విల్‌హెల్మ్ హిస్సే.

1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు దీన్ని సరిదిద్దడానికి పూనుకున్నారు. అప్పటికి వాడుకలో ఉన్న సుమారు 50 వేల పేర్లను 5 వేల చిల్లరకు తగ్గించి, ఒక భాగానికి ఒకే లాటిన్ పేరు అన్న సూత్రం పెట్టారు. 1955లో పారిస్‌లో ఆమోదించిన జాబితాలో మనుషుల పేర్లను తీసేశారు. 1998లో వచ్చిన జాబితా, 2019 నాటి దాని కొత్త కూర్పు కూడా ఆ దారినే ఉన్నాయి. అంటే కాగితం మీద ఈ వివాదం ముగిసి 70 ఏళ్లయింది.

మరి ఎందుకు పోలేదు?

మొదటి కారణం నోరు. ఆపరేషన్ టేబుల్ దగ్గర 'రెక్టోయుటెరైన్ పౌచ్' అనడం కన్నా పీఓడీ అనడం తేలిక. 'ఏట్రియోవెంట్రిక్యులర్ బండిల్' అనేలోపు 'హిస్' అని మూడుసార్లు అనొచ్చు. కంగారు పడే సమయంలో రెండక్షరాల మాటే గెలుస్తుంది.

పాఠం చెప్పినవాళ్లు ఏ పేరుతో చెప్పారో ఆ పేరే తరానికి తరం దిగుతుండడం ఇంకో కారణం. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీలో తొలి బ్యాచ్‌లు చదివే నాటికి పారిస్ జాబితా ఇంకా రాలేదు. వాళ్లు నేర్చుకున్నవి పాత పేర్లే. వాళ్లలో ప్రొఫెసర్లయినవాళ్లు తమ విద్యార్థులకు అవే నేర్పారు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే అనాటమీ పుస్తకాల్లో రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. చదివినవాళ్లు పొడుగుపాటిది పరీక్షలో రాసి, పొట్టిది జీవితాంతం వాడతారు.

బోర్డు మీది పేరుకూ నోటిలోని పేరుకూ ఉన్న దూరం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. విజయవాడ అని రాసి బెజవాడ అంటారు. 1986లో ఇక్కడ పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఒకసారి, 2024లో మరోసారి మారింది. మారిన ప్రతిసారీ ఫీజు రసీదులు మారాయి. విద్యార్థులు ముందూ వెనకా 'హెల్త్ యూనివర్సిటీ' అనే అన్నారు. అధికారం పేరు మార్చగలదు, వాడుకను మార్చడం దాని చేతిలో లేదు.

తెలుగులో మూడో పేరు

ఇంగ్లిష్ చదివే విద్యార్థి ముందు రెండు పేర్లు ఉంటాయి. తెలుగు మీడియంలో వచ్చినవాళ్ల ముందు మూడు. పదో తరగతిలో 'హెన్లీ శిక్యం' అని నేర్చుకున్న పిల్లవాడు ఇంటర్‌లోనో నీట్ కోచింగ్‌లోనో 'లూప్ ఆఫ్ హెన్లీ' అని వింటాడు, ఎంబీబీఎస్‌లో చేరాక 'నెఫ్రాన్ లూప్' అనే కొత్త అధికారిక పేరు చూస్తాడు. మూడూ ఒకటే అని తెలియడానికి కొంత కాలం పడుతుంది.

ఇక్కడొక విడ్డూరం ఉంది. ఎవరిదో ఇంటిపేరు కన్నా అర్థం చెప్పే పేరు మేలన్నది సంస్కర్తల వాదన. అర్థం ఎవరికి తెలియాలి అన్నది ప్రశ్న. 'హెన్లీ శిక్యం'లో హెన్లీ ఎవరో విద్యార్థికి తెలియదు, నిజమే. శిక్యం అంటే ఏమిటో కూడా తెలియదు. నిఘంటువు తీస్తే ఉట్టి అని ఉంటుంది. దూలానికి తాడు కట్టి పెరుగు కుండ వేలాడదీసే ఉట్టి! పైనుంచి దిగి, కింద వంపు తిరిగి, మళ్లీ పైకి పోయే ఆ తాడే కిడ్నీలోని గొట్టం ఆకారం. ఆ మాటను ఎంచినవాళ్ల చూపు ఎంతో చక్కనిది. కానీ ఉట్టి అనకుండా శిక్యం అనడంతో ఆ బొమ్మ పిల్లవాడి కంటికి అందకుండా పోయింది. 'సమీపస్థ సంవళిత నాళం' లాంటి మాటల సంగతీ ఇంతే. అర్థవంతమైన పేరు అర్థం కాని భాషలో ఉంటే, హెన్లీ లాంటి పేరే గుర్తుపెట్టుకోవడానికి సులువవుతుంది.

జనం నోటి తెలుగుకు ఇంకో రకం సమస్య ఉంది. మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగితే 'మడమ నరం తెగింది' అంటారు. చేతికి సెలైన్ పెట్టడానికి నర్సు వెతికేదీ నరమే, నడుము నుంచి కాలికి లాగేదీ నరమే. మొదటిది కండరాన్ని ఎముకకు కట్టే తాడు, రెండోది రక్తనాళం, మూడోది నాడి. మూడింటికీ ఒకే మాట. ఇలాంటి చోట గ్రీకు వీరుడి పేరే పొరపాటుకు తావివ్వదు.

అలాగని జనభాష ప్రతిచోటా ఓడిపోలేదు. 'ట్యూబులు మూసుకుపోయాయి', 'ట్యూబులు ఓపెన్‌గా ఉన్నాయో లేదో ఎక్స్‌రే తీయాలి' అన్న మాటలు సంతానం కోసం తిరిగే ప్రతి ఇంట్లో వినిపిస్తాయి. ఎవరూ ఫాలోపియన్ అనరు. పారిస్ కమిటీ చేయలేని పనిని ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే చేసేశారు.

గౌరవమా, గుర్తా?

వ్యక్తుల పేర్ల మీద ఇటీవలి చర్చ సౌలభ్యం దగ్గర ఆగడం లేదు. ఊపిరితిత్తుల సన్నటి గాలిగొట్టాల్లో ఉండే ఒక రకం కణాలను 1937లో మాక్స్ క్లారా వర్ణించాడు. ఆయన నాజీ పార్టీ సభ్యుడు. పరిశోధనకు వాడిన కణజాలం నాజీ ప్రభుత్వం మరణశిక్ష అమలు చేసిన ఖైదీలది. విషయం చర్చకు వచ్చాక శ్వాసకోశ వైద్య పత్రికలు 2013 నుంచి 'క్లారా కణాలు' అన్న మాట మాని 'క్లబ్ కణాలు' అంటున్నాయి. గద ఆకారంలో ఉంటాయి కనుక ఆ పేరు. ఇంగ్లిష్ పొట్టి రూపంలో తొలి అక్షరాలు మారకపోవడం వల్ల పాత పరిశోధనల వెతుకులాట కూడా చెడలేదు. పేరు మార్పు సాఫీగా సాగిన అరుదైన సందర్భం ఇది.

మరో విమర్శ స్త్రీల అవయవాల గురించి. ఫాలోపియో, గ్రాఫ్, బార్తోలిన్, స్కీన్, డగ్లస్, వీళ్లంతా మగవాళ్లే. స్త్రీ పేరు కోసం వెతికితే మాయ (ప్లాసెంటా) పొరల్లో రైసా నిటాబుక్ కనిపిస్తుంది. 1887లో స్విట్జర్లాండ్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఆమె వర్ణించిన పొర అది. ఇది ఎవరో కుట్ర చేస్తే జరిగింది కాదు. ఈ పేర్లు పుట్టిన శతాబ్దాల్లో శవపరీక్ష గదిలోకి స్త్రీలకు దాదాపు ప్రవేశం లేదు, ఫలితం పేర్లలో మిగిలింది.

కొత్త పేర్లు పుట్టడం ఆగలేదు కూడా. బ్రిటన్‌లో పనిచేసే భారత సంతతి కంటి వైద్యుడు హర్మీందర్ దువా 2013లో కంటి పటలంలో సుమారు 15 మైక్రాన్ల మందం ఉన్న ఒక గట్టి పొరను వేరుగా వర్ణించారు. 'దువా పొర' అన్న పేరు వెంటనే వాడుకలోకి వచ్చింది. అది నిజంగా విడి పొరేనా, ముందు నుంచీ తెలిసినదాని భాగమేనా అని తోటి నిపుణులు వాదించారు. పేరులో మనిషిని తీసేసి 'ప్రీ డెసిమెట్ పొర' అనాలన్నారు కొందరు. అందులోనూ మనిషి పోలేదు. జాన్ డెసిమెట్ 18వ శతాబ్దపు ఫ్రెంచ్ వైద్యుడు.

ఇకముందు

కొత్త వ్యాధులకు మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. శరీర భాగాలకు ఆ సూచన వర్తించదు, కానీ గాలి అటే వీస్తోంది. పాఠ్యపుస్తకాల్లో అర్థం చెప్పే పేరు ముందు, మనిషి పేరు తర్వాత వచ్చే పద్ధతి బలపడుతుందని అనుకోవచ్చు. ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కే కొద్దీ రెండు పేర్లనూ ఒకే కోడ్ కిందికి తెచ్చే ఏర్పాట్లు పెరుగుతాయి. ఒక డాక్టరు ఒకలా, మరొకరు ఇంకోలా రాసినా యంత్రం వెతికి పట్టాలంటే అది తప్పదు. పూర్తిగా పోయే అవకాశం మాత్రం తక్కువ. పీఓడీ లాంటి మాటల్లోకి దిగిపోయినవాటిని తీయడం ఎవరి తరమూ కాదు.

ఈలోగా రిపోర్టు చేతికొచ్చినవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటే. ఒక సెంటర్‌లో 'ఫాలోపియన్ ట్యూబ్' అనీ, మరో సెంటర్‌లో 'యుటెరైన్ ట్యూబ్' అనీ రాశారంటే రెండు జబ్బులు వచ్చినట్టు కాదు, చూసింది ఒకే చోటును. పీఓడీలో నీరు ఉందని రాస్తే, ఎంత ఉందో డాక్టరును అడిగి, నెలసరిలో అది ఎన్నో రోజో చెప్పడం మంచిది.